టేప్ డ్రైవ్‌లో హార్డ్‌వేర్ ఎర్రర్ వస్తే డ్రైవ్ పోయిందని తేల్చేముందు ఏమేం చూడాలి

పొద్దున్నే ఆఫీసుకు వచ్చి చూస్తే రాత్రి బ్యాకప్ ఫెయిల్, స్క్రీన్ మీద హార్డ్‌వేర్ ఎర్రర్ అని పడింది, డ్రైవ్ ముందర ఆరెంజ్ లైట్ ఆరి వెలుగుతా ఉంది. అప్పుడు మనవాళ్ళు చానామంది చేసే మొదటి పని ఇంకో టేప్ తీసి లోపలికి తోయడం, అదీ ఫెయిలైతే మూడోది, అదీ కాకపోతే నిన్న బాగానే రాసింది కదా అని నిన్నటి టేప్ పెట్టి చూడడం. దయచేసి ఆ పని మాత్రం చేయొద్దండి. డ్రైవ్ లోపల టేప్ నడిచే దారి దెబ్బతిని ఉంటే మీరు పెట్టే ప్రతి టేప్‌నీ అది పాడుచేయగలదు. దీనికి తిరగేసి కూడా జరుగుతుంది, లీడర్ పిన్ (టేప్ కొసన ఉండే సన్న కడ్డీ, దాన్ని పట్టుకునే డ్రైవ్ టేప్‌ని లాగుతుంది) జారిపోయిన ఒక్క కార్ట్రిడ్జ్‌ని రెండు మూడు డ్రైవ్‌లలో పెట్టి చూసినారంటే అన్నిట్లోనూ ఇరుక్కుంటుంది, అప్పుడు బాగున్న డ్రైవ్‌లు కూడా ఆగిపోతాయి.

కాబట్టి ఎర్రర్ కనపడంగానే చేయాల్సింది ఒక్కటే. చివరిసారి సరిగ్గా పూర్తయిన ఫుల్ బ్యాకప్ టేప్ ఏదో చూసుకుని, దాని లేబుల్ పక్కన ఉండే రైట్ ప్రొటెక్ట్ స్విచ్‌ని లాక్ వైపు జరిపి, డబ్బాలో పెట్టి ఆ డ్రైవ్‌కు దూరంగా తీసేయండి. ఆ తర్వాత ఏ టెస్ట్ చేసినా స్క్రాచ్ టేప్‌తోనే, అంటే పోయినా బాధలేని టేప్‌తోనే చేయాలి. మీ దగ్గర అట్లాంటిది లేకుంటే ఒకటి కొత్తది కొని పక్కన పెట్టుకోండి, డ్రైవ్ ధరతో పోలిస్తే దాని ఖర్చు ఏపాటిది కాదు.

నేను చెప్పేదంతా ఎల్‌టీఓ (లీనియర్ టేప్ ఓపెన్ అనే టేప్ రకం) డ్రైవ్‌ల గురించి, ఇప్పుడు ఆఫీసుల్లో ఎక్కువగా కనపడేవి అవే. కర్నూలు, అనంతపురం, కడపలో ఉండేవాళ్ళకు ఇంకో సంగతి కూడా ఉంది, సర్వీస్ ఇంజనీర్ గానీ స్పేర్ డ్రైవ్ గానీ హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో రావాల్సిందే. ఆయన ఇంత దూరం వచ్చి డ్రైవ్ మార్చిన తర్వాత కూడా అదే ఎర్రర్ వచ్చి, చివరికి తప్పు కేబుల్‌దని తేలితే, అన్ని రోజులూ మీకు బ్యాకప్ లేనట్టే. అందుకే తప్పు టేప్‌దా, డ్రైవ్‌దా, మధ్యలో కేబుల్ కార్డులదా, లేక రూమ్‌దా అనేది ఫోన్ చేసేముందే మనం తేల్చుకోవాలి, అది పెద్ద కష్టం కూడా కాదు.

ముందు మెసేజ్ రాసుకోండి, ఆ తర్వాతే రీబూట్

కరెంట్ తీసి వేస్తే డ్రైవ్ ముందర ఉన్న కోడ్ పోతుంది. టేప్ అలర్ట్ అని డ్రైవ్ తనంతట తాను పెట్టే గుర్తులు ఉంటాయి, మొత్తం 64, వాటిని ఏదో ఒక సాఫ్ట్‌వేర్ చదవంగానే మామూలుగా అవి చెరిగిపోతాయి. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వాటిని ముందే చదివేసి ఉంటే తర్వాత మీరు వేరే టూల్‌తో చూసినప్పుడు అంతా సున్నాలే కనపడొచ్చు, అంతమాత్రాన డ్రైవ్ బాగుందని కాదు. అందుకని మొదట బ్యాకప్ జాబ్ లాగ్ తెరిచి చూడండి, లైట్లకూ డిస్‌ప్లేకూ ఫోన్‌తో ఒక ఫోటో తీయండి, ఏ టేప్ లోపల ఉందో బార్‌కోడ్ నంబర్‌తో సహా రాసుకోండి.

లినక్స్ అయితే డీమెసేజ్ (dmesg) కమాండ్‌లోనో, విండోస్ అయితే ఈవెంట్ వ్యూయర్ సిస్టమ్ లాగ్‌లోనో, ఎర్రర్ వచ్చిన టైమ్ దగ్గర ఏముందో చూడండి. లినక్స్‌లో సెన్స్ కీ అని ఒక నంబర్ కనపడుతుంది, సగం జవాబు అందులోనే ఉంటుంది. కీ 3 అంటే మీడియం ఎర్రర్, అంటే రాయడం చదవడం దగ్గర తేడా, టేప్ గానీ మురికి హెడ్ గానీ కారణం. కీ 4 అంటే హార్డ్‌వేర్ ఎర్రర్, ఇది డ్రైవ్ తన గురించి తాను చెప్పేది, దాని పక్కన 44/00 ఉంటే లోపలి భాగమేదో ఫెయిలైందని, 53/00 ఉంటే టేప్ లోడ్ కావడమో బయటికి రావడమో కుదరలేదని అర్థం. కీ 5 అంటే సాఫ్ట్‌వేర్ పంపిన కమాండ్ డ్రైవ్‌కు నచ్చలేదని, అది హార్డ్‌వేర్ సమస్యే కాదు చానాసార్లు. కీ 7 అంటే రైట్ ప్రొటెక్ట్ ఆన్‌లో ఉంది, స్విచ్ జరిపితే అయిపోయేదానికి డ్రైవ్ మార్చమని కంప్లైంట్ పెట్టొద్దు. విండోస్‌లో ఈవెంట్ నంబర్ 7 వస్తే టేప్‌నో హెడ్‌నో అనుమానించండి, 9, 11, 15 వస్తే కేబుల్, కార్డ్, డ్రైవర్ వైపు ముందు చూడండి.

టేప్ అలర్ట్‌లో 64 గుర్తుపెట్టుకోనవసరం లేదు, పనికొచ్చేవి కొన్నే. 4 టేప్ మీద నమ్మకం లేదని, 5 చదవలేకపోయానని, 6 రాయలేకపోయానని, 7 టేప్ ఆయుష్షు అయిపోయిందని. 14 వస్తే లోపల టేప్ తెగిపోయింది, ఇంక చేయి పెట్టొద్దు. 15 అంటే కార్ట్రిడ్జ్‌లో ఉండే మెమరీ చిప్ పనిచేయడంలేదు, ఆ టేప్‌లో డేటా ఉంటే వేరేదానికి కాపీ చేసుకుని దాన్ని పక్కన పెట్టేయండి. 20 వెంటనే క్లీన్ చేయమని, 22 క్లీనింగ్ టేపే అరిగిపోయిందని. 30, 31 డ్రైవ్ హార్డ్‌వేర్ తప్పు, 32 కంప్యూటర్‌కూ డ్రైవ్‌కూ మధ్య దారి తప్పు. లినక్స్‌లో టేప్‌ఇన్ఫో (tapeinfo) గానీ ఎస్‌జీ లాగ్స్ (sg_logs) గానీ నడిపితే ఇవి కనపడతాయి.

ఐబీఎం డ్రైవ్‌లకు, వాళ్ళు తయారుచేసి వేరే పేరుతో అమ్మేవాటికి కూడా, ముందర ఒకే అక్షరం చూపించే చిన్న డిస్‌ప్లే ఉంటుంది. 1 అంటే వేడి, 2 అంటే పవర్, 3 ఫర్మ్‌వేర్, అంటే డ్రైవ్ లోపలే ఉండే సాఫ్ట్‌వేర్, 4, 5 డ్రైవ్ హార్డ్‌వేర్ వైపు, 6 డ్రైవ్ గానీ టేప్ గానీ, 7 చానావరకు టేపే, 8 ఇంటర్‌ఫేస్, అంటే కంప్యూటర్‌కు కలిపే దారి, సి అక్షరం వస్తే క్లీనింగ్ అడుగుతోంది. హెచ్‌పీఈ వాటిలో డ్రైవ్ ఎర్రర్, టేప్ ఎర్రర్, క్లీన్ అని వేరేవేరే లైట్లు ఉంటాయి, టేప్ లైట్ వెలుగుతుంటే డ్రైవ్ గురించి కంగారుపడే పనిలేదు, ఆ టేప్ తీసేసి ఇంకో స్క్రాచ్ టేప్ పెట్టి చూడండి.

రూమ్ సంగతి

ఇది నేను ఎక్కువసేపు చెప్తాను, ఎందుకంటే కంపెనీ మాన్యువల్‌లో టెంపరేచర్ ఒక లైన్‌లో రాసేస్తారు గానీ మన వైపు సమస్య చానావరకు ఆడే మొదలవుతుంది. సాయంత్రం ఆఫీస్ మూసేటప్పుడు కరెంట్ బిల్లు గుర్తొచ్చి ఏసీ ఆపేసి పోతారు, బ్యాకప్ మొదలయ్యేది రాత్రి తొమ్మిదికో పదికో, తలుపులు మూసిన చిన్న రూమ్‌లో సర్వర్, యూపీఎస్, టేప్ డ్రైవ్ మూడూ కలిసి వేడి వదులుతా ఉంటాయి, ఏప్రిల్ మే నెలల్లో పగలు 42 డిగ్రీలు కాసిన స్లాబు రాత్రంతా ఆ వేడిని కిందికి దింపుతా ఉంటుంది. పొద్దున మీరు వచ్చి ఏసీ వేసినాక చల్లగానే ఉంటుంది, ఎర్రర్ ఎందుకొచ్చిందో ఎవరికీ తెలియదు. ఎల్‌టీఓ కార్ట్రిడ్జ్‌కు పనిచేసేటప్పుడు 45 డిగ్రీలే హద్దు, డ్రైవ్ చుట్టూ గాలి అంతకంటే చల్లగా ఉండాలి. ఒక మామూలు డిజిటల్ థర్మామీటర్, రోజులో ఎక్కువా తక్కువా గుర్తుపెట్టుకునేది, డ్రైవ్ పక్కన పెట్టి తెల్లారి చూడండి. రాత్రి రెండింటికి ఫెయిలయ్యే జాబ్‌లు పగలు నడిపితే పాసవుతున్నాయంటే మీ అనుమానం దీనిమీదికే పోవాలి. ఏసీ రాత్రి నడవడం కుదరకపోతే బ్యాకప్ టైమే పగటికి మార్చండి, మధ్యాహ్నం భోజనాల టైమ్ పెట్టుకున్నా ఫరవాలేదు.

తర్వాత దుమ్ము. కడప బండలు కోసే యూనిట్లు, బేతంచెర్ల, తాడిపత్రి వైపు పాలిషింగ్ ఫ్యాక్టరీలు, ఎర్రగుంట్ల సిమెంట్, ఈ చుట్టుపక్కల ఉన్న ఆఫీసుల్లో రాతి పొడి ఎంత సన్నగా ఉంటుందంటే మూసిన కిటికీలోంచి కూడా వస్తుంది. టేప్ వెడల్పు అర అంగుళమే, ఎల్‌టీఓ 6 కార్ట్రిడ్జ్‌లో 846 మీటర్ల టేప్ ఉంటుంది, ఆ అర అంగుళం మీద వందలూ వేల ట్రాక్‌లు పడతాయి, అందులో కంటికి కనపడని రేణువు హెడ్‌కీ టేప్‌కీ మధ్య దూరితే చాలు, రాసిన బ్లాక్ మళ్ళీ రాయాల్సి వస్తుంది. డ్రైవ్ దాన్ని తనే సరిచేసుకుంటా పోతుంది కాబట్టి కొన్నాళ్ళు మీకు ఏమీ కనపడదు, జాబ్ టైమ్ మాత్రం మెల్లగా పెరుగుతుంది, టేప్‌లో పట్టే డేటా తగ్గుతుంది. ఈ రెండూ గమనించుకుంటా ఉంటే హార్డ్‌వేర్ ఎర్రర్ రాకముందే పట్టుకోవచ్చు.

డ్రైవ్‌ని నేలకు దగ్గరగా పెట్టొద్దు, ప్రింటర్ పక్కన అస్సలు వద్దు, కాగితం పొడి, టోనర్ రెండూ అందులోకే పోతాయి. సర్వర్ రూమ్‌లో అగరుబత్తీ, సాంబ్రాణి పొగ వద్దని కూడా గట్టిగా చెప్తాను. దేవుడి పటం ఆఫీసులో వేరే చోట పెట్టుకోండి, పూజ ఆడ చేసుకోండి. ఆయుధపూజ రోజు పసుపు కుంకుమ పెట్టాల్సిందే కదా, రాక్ తలుపు మీద బయటివైపు పెట్టండి, డ్రైవ్ మూత మీద కాదు, ఆ పొడి టేప్‌తో పాటే లోపలికి పోతుంది.

లోపల దుమ్ము ఉందని బ్లోయర్‌తో గాలి కొట్టొద్దు, అది దుమ్ముని ఇంకా లోపలికి తోస్తుంది. పాత టేప్‌రికార్డర్‌కు చేసినట్టు దూది పుల్లకు స్పిరిట్ పెట్టి హెడ్ తుడవొద్దు, ఈ హెడ్ అట్లా తుడిచేది కాదు, డ్రైవ్ విప్పినారంటే వారంటీ కూడా పోతుంది.

క్లీనింగ్ టేప్

క్లీనింగ్ కార్ట్రిడ్జ్ డ్రైవ్ అడిగినప్పుడే వేయాలి, లేదా రీడ్ రైట్ ఎర్రర్ వచ్చినప్పుడు ఒకసారి. ప్రతి సోమవారం వేస్తే మంచిదనుకుని వేసేవాళ్ళు ఉన్నారు, అది గీకి శుభ్రం చేసే రకం టేప్, ఊరికే వేస్తా ఉంటే హెడ్ అరుగుతుంది. చానా కంపెనీల క్లీనింగ్ టేప్ 50 సార్లు వస్తుంది, కొన్ని అంతకంటే తక్కువే, వేసిన ప్రతిసారీ దానిమీద ఉండే గడిలో టిక్ పెట్టండి. లోపలికి పోయి వెంటనే బయటికి వచ్చేసి క్లీన్ లైట్ అట్లానే ఉంటే అది అయిపోయిందని అర్థం, డ్రైవ్ తప్పు కాదు.

ఇప్పుడు ముఖ్యమైన మాట. క్లీన్ చేసిన తర్వాత మళ్ళీ క్లీనింగ్ అడుగుతోందా, అడిగితే ఏ టేప్ పెట్టినప్పుడు అడుగుతోందో చూడండి. ఎప్పుడూ ఒకే టేప్ దగ్గర అడుగుతుంటే ఆ టేప్ పొడి రాలుస్తోంది, దాన్ని తీసేయండి. ఏ టేప్ పెట్టినా అడుగుతుంటే హెడ్ అరిగిపోయి ఉండొచ్చు, లేదా రూమ్ దుమ్ముగా ఉంది.

టేప్‌ని చేతిలో పట్టుకుని చూడడం

పక్కనుండే చిన్న తలుపు వేలితో జరిపి చూస్తే లీడర్ పిన్ అనే సన్న ఇనుప కడ్డీ కనపడుతుంది, అది రెండు చివరలా తన గాడిలో నిటారుగా కూర్చుని ఉండాలి. వంకరగా ఉన్నా, కనపడకపోయినా ఆ కార్ట్రిడ్జ్ ఏ డ్రైవ్‌లోనూ పెట్టొద్దు. చెవి దగ్గర మెల్లగా ఊపి చూడండి, లోపల ఏదో ఊడి గలగలమంటే కూడా అంతే. టేప్‌ని మాత్రం వేలితో ముట్టుకోవద్దు. కిందపడిన టేప్ బయటికి బాగానే కనపడినా అనుమానంగానే చూడండి. లేబుల్ దానికి ఇచ్చిన గుంతలోనే అంటించాలి, పైన ఒక స్టిక్కర్, పక్కన ఒక స్టిక్కర్ వేసి తేదీ రాస్తే అవి ఊడి లోపల ఇరుక్కుంటాయి, 53/00 లాంటి లోడ్ ఎర్రర్‌లకు ఇదీ ఒక కారణం.

ఆఫ్‌సైట్ కాపీ అని బైక్ సైడ్ బాక్స్‌లో వేసుకుని మేనేజర్ ఇంటికి తీసుకుపోతారు, ఎండలో రెండు గంటలు ఆ బాక్స్ నిలబడితే లోపల ఎంత వేడెక్కుతుందో చెప్పక్కర్లేదు. తెచ్చిన వెంటనే డ్రైవ్‌లో పెట్టకుండా సర్వర్ రూమ్‌లో ఒక రోజు ఉంచి అప్పుడు వాడండి. అలాగని ఆఫ్‌సైట్ మానొద్దు, 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ నీళ్ళు కర్నూలు టౌన్‌లోకి వచ్చినాయి, గ్రౌండ్ ఫ్లోర్‌లో సర్వరూ టేపులూ ఒకే చోట పెట్టుకుంటే ఏమవుతుందో ఆ ఊరివాళ్ళకు వేరే చెప్పాల్సిన పనిలేదు. నీళ్ళు తగిలిన టేప్ ఆరబెట్టి డ్రైవ్‌లో పెట్టొద్దు, డేటా రికవరీ వాళ్ళకే ఇవ్వాలి.

జనరేషన్ కూడా ఒకసారి సరిచూసుకోండి. ఎల్‌టీఓ 7 వరకు డ్రైవ్ తనకంటే రెండు తరాల వెనకది చదువుతుంది, ఒక తరం వెనకదాని మీద రాస్తుంది. ఎల్‌టీఓ 8, 9లో అట్లా లేదు, ఒక్క తరం వెనకదే, ఎల్‌టీఓ 10 డ్రైవ్ అయితే వెనక తరం టేపులేవీ తీసుకోదు. ఎల్‌టీఓ 6 టేప్‌ని ఎల్‌టీఓ 8 డ్రైవ్ చదవదు, అది పాడుకావడం కాదు. ఎల్‌టీఓ 9లో కొత్త టేప్ మొదటిసారి పెట్టినప్పుడు తనను తాను సర్దుకోవడానికి చానాసేపు, ఒక్కోసారి రెండు గంటల దాకా తీసుకుంటుంది, ఇరుక్కుందని బటన్ నొక్కొద్దు.

కేబుల్, కార్డ్, పవర్

సర్వర్ ఆపి, డ్రైవ్ ఆపి, డ్రైవ్‌ని సర్వర్‌కు కలిపే ఎస్‌ఏఎస్ కేబుల్ రెండు చివరలా తీసి మళ్ళీ క్లిక్ అనేదాకా పెట్టండి. రాక్ వెనక గట్టిగా మడిచి ట్యాగ్ వేసిన కేబుల్ అయితే ఆ మడత వదలండి. ఇంకో కేబుల్ ఉంటే మార్చి చూడడమే అన్నిటికంటే చవకైన టెస్ట్. ఎలుకలు కొరికిన కేబుళ్ళు మన సర్వర్ రూముల్లో కొత్తేం కాదు, వెనక్కి పోయి టార్చ్ వేసి చూడండి. ఫైబర్ అయితే కొన మీద దుమ్ము, విప్పిన వెంటనే మూత పెట్టాలి.

డ్రైవ్‌ని రెయిడ్ కార్డ్‌కు, అంటే హార్డ్ డిస్క్‌లను కలిపి నడిపే కార్డ్‌కు, తగిలించి ఉంటే అదే సమస్య కావొచ్చు, చానా రెయిడ్ కార్డులు టేప్‌ని ఒప్పుకోవు, లేదా ఒప్పుకున్నట్టు కనపడి లోడ్ ఎక్కువైనప్పుడు రీసెట్ కొడతాయి. మామూలు హెచ్‌బీఏ కార్డ్, అంటే రెయిడ్ లేకుండా పరికరాన్ని నేరుగా సర్వర్‌కు కలిపే కార్డ్, వేరేగా పెట్టాలి. పాత ఎస్‌సీఎస్‌ఐ (వెడల్పు కేబుల్‌తో కలిపే పాత పద్ధతి) డ్రైవ్ ఇంకా నడుపుతున్నవాళ్ళు కేబుల్ చివర మూసే ముక్క, అంటే టర్మినేటర్ ఉందా, రెండు పరికరాలకు ఒకే ఐడీ పడిందా చూడండి. ఇంకొకటి, ఒకే డ్రైవ్‌ని రెండు బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు పట్టుకుంటే ఒకటి రాస్తుండంగా ఇంకోటి మధ్యలో దూరి ఎర్రర్లు వస్తాయి, పాత సాఫ్ట్‌వేర్ తీసేయకుండా కొత్తది వేసినచోట ఇది తప్పకుండా చూడండి. డ్రైవ్ యూపీఎస్ మీద ఉందా లేక మామూలు గోడ ప్లగ్‌లో ఉందా అనేది కూడా అడగాల్సిన ప్రశ్నే.

సర్వర్ డేటాని టేప్ అడిగినంత వేగంగా ఇవ్వకపోతే టేప్ ఆగడం, వెనక్కి పోవడం, మళ్ళీ కదలడం జరుగుతుంది, శబ్దం వింటేనే తెలిసిపోతుంది. ఎల్‌టీఓ 6 వేగం సెకనుకు 160 ఎంబీ, ఎల్‌టీఓ 7ది 300, ఒక గిగాబిట్ నెట్‌వర్క్ మీద మీకు వచ్చేది 110 చుట్టుపక్కల. డ్రైవ్ కొంతవరకు వేగం తగ్గించుకుంటుంది గానీ చిన్నచిన్న ఫైళ్ళు లక్షల్లో ఉంటే అదీ చాలదు, హెడ్, మోటార్, టేప్ మూడూ అరుగుతాయి. ముందు ఒక లోకల్ డిస్క్‌కి బ్యాకప్ తీసి అక్కణ్ణుంచి టేప్‌కి పంపండి.

టేప్ లోపల ఇరుక్కుంటే

మొదట సాఫ్ట్‌వేర్ నుంచి ఎజెక్ట్ ఇవ్వండి, సాఫ్ట్‌వేర్ టేప్‌ని లాక్ చేసి ఉంటే బటన్ పనిచేయదు. సర్వీసులు ఆపి బటన్ ఒకసారి నొక్కి వదిలేసి ఓపికగా ఉండండి, టేప్ చివర్లో ఉంటే వెనక్కి చుట్టుకోవడానికి నిమిషాలు పడుతుంది. కాకపోతే బటన్ నొక్కి పట్టుకునే ఫోర్స్ ఎజెక్ట్ ఉంటుంది, ఎన్ని సెకన్లనేది మీ మోడల్ మాన్యువల్‌లో చూడండి, మరీ ఎక్కువసేపు పట్టుకుంటే కొన్నిట్లో అది రీసెట్ అవుతుంది. అప్పటికీ రాకపోతే స్క్రూడ్రైవర్, పట్టకారు తీయొద్దు. అందులో ఉన్న డేటా ముఖ్యమైతే డ్రైవ్‌తో సహా అట్లాగే ఇచ్చేయాలి.

చివరి టెస్ట్

ఇవన్నీ చూసినాక స్క్రాచ్ టేప్ పెట్టి కంపెనీ టూల్ నడపండి, హెచ్‌పీఈకి లైబ్రరీ అండ్ టేప్ టూల్స్, ఐబీఎంకి ఐటీడీటీ. డ్రైవ్ టెస్ట్ అనేది టేప్ మీద రాస్తుంది, ఉన్న డేటా పోతుంది, అందుకే స్క్రాచ్ అని ఇన్నిసార్లు చెప్పినాను. బ్యాకప్ సర్వీసులన్నీ ముందే ఆపాలి. చిన్న ఫైల్ ఒకటి రాసి బాగుందనుకోవద్దు, టేప్ మధ్యలోనో చివర్లోనో వచ్చే ఎర్రర్ అట్లా బయటపడదు, వీలైతే టేప్ నిండా రాసి మళ్ళీ చదివి పోల్చి చూడండి. ఒక స్క్రాచ్ ఫెయిలైతే రెండో కొత్త స్క్రాచ్‌తో చూడండి. రెండూ ఫెయిలైతే, క్లీనింగ్ అయిపోయి, కేబుల్ మారి, రూమ్ చల్లగా ఉండి కూడా ఫెయిలైతే, అప్పుడు డ్రైవ్‌దే తప్పు. ఒక టేప్ ఫెయిలై ఇంకోటి పాసైతే డ్రైవ్‌ని వదిలేసి ఆ టేప్ పారేయండి. ఫర్మ్‌వేర్ పాతదైతే ఎక్కించండి గానీ యూపీఎస్ బ్యాటరీ బాగుందని తెలిసినాకే, ఎక్కేటప్పుడు కరెంట్ పోతే బాగున్న డ్రైవ్ కూడా పోతుంది.

కంప్లైంట్ పెట్టేటప్పుడు సీరియల్ నంబర్, ఫర్మ్‌వేర్ వెర్షన్, ఫోటో, సెన్స్ కీ, టూల్ తీసిచ్చే రిపోర్ట్ ఫైల్, ఏ టేపులతో ఏమైంది, కేబుల్ మార్చినారా లేదా, అన్నీ మొదటి మెయిల్‌లోనే పంపండి. అప్పుడు మళ్ళీ అవే ప్రశ్నలు అడిగి రెండు రోజులు తీయరు, పార్ట్ నేరుగా బయలుదేరుతుంది. ఆ మధ్యలో రోజులకు ఒక యూఎస్‌బీ హార్డ్ డిస్క్‌కి బ్యాకప్ తీస్తా ఉండండి, తీసినాక పీకి బీరువాలో పెట్టండి.

కొత్త డ్రైవ్ వచ్చినాక మొదట స్క్రాచ్ టేప్, ఆ తర్వాత పక్కన దాచిన ఫుల్ బ్యాకప్ టేప్ లాక్ స్విచ్ తీయకుండానే పెట్టి రెండు మూడు ఫోల్డర్లు వేరే చోటికి రీస్టోర్ చేసి తెరిచి చూడండి. హెడ్ అలైన్‌మెంట్ తప్పిన పాత డ్రైవ్ రాసిన టేపులు ఆ డ్రైవ్‌లోనే చదువుకుని కొత్తదాంట్లో చదవకపోవచ్చు, అందుకని పాత డ్రైవ్ వెనక్కి పంపించేముందే ఈ టెస్ట్ చేయాలి, ఇంజనీర్ ఇంకా ఆఫీసులో ఉండంగానే.